పాకలోని పాత కారు: వెల కట్టుట ఎట్లు?

రావులపాలెము కోనసీమకు వాకిలి. జొన్నాడ వైపునుండి గౌతమి వంతెన దాటి వచ్చువారును, సిద్ధాంతము వైపునుండి వసిష్ఠ వంతెన దాటి వచ్చువారును ఇచ్చటనే కలిసికొందురు. కొత్తపేట మీదుగ అమలాపురము పోవు బాట ఇచ్చటనే చీలును. తెల్లవారక మునుపే అరటిగెలల సందడితో మేలుకొను ఈ ఊరి కూడలిలో ఒక గంటసేపు నిలుచున్నచో దేశములో తయారగు కార్లన్నియు కంటబడును. కాని ఒకప్పుడు ఈ బాట నేలిన కారు మాత్రము నేడు అరుదుగా కానవచ్చును. అది అంబాసిడర్.

ఈ వంతెనలు లేని దినములలో కారు కోనసీమలో అడుగు పెట్టవలెనన్నచో పంటు ఎక్కవలసినదే. రెండు పడవలను జతచేసి, పైన బల్లలు పరచి, దానిమీదికి కారును మెల్లగా నడిపించి ఏరు దాటించెడివారు. అట్లు వచ్చిన కారు ఒక్క యజమానిది కాదు, ఊరందరిది. పెండ్లికొడుకు దానిలోనే ఊరేగెను. పురుటినొప్పులు పడు తల్లి దానిలోనే ఆసుపత్రికి పోయెను. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ నమూనాను అనుసరించి, కలకత్తా చెంత ఉత్తరపాడాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారమున 1950ల చివరి భాగములో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. 2017లో ఆ పేరు సైతము 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు అమ్ముడుపోయినది. ఇక మీదట క్రొత్తది పుట్టదు, ఉన్నవి తరుగుచుండును.

అందుచేతనే పాకలలో మూలుగుచున్న పాత కార్లకు నేడు బేరగాండ్రు వచ్చుచున్నారు. కొందరు తూకమునకు కొనువారు. కొందరు బాగుచేసి నడుపుకొన ముచ్చటపడువారు. వీరి నడుమ ఆ కారునకు న్యాయమైన వెల యేది? ఇది వట్టి వ్యాపార ప్రశ్న కాదు. అమ్మువారు తెలియక మోసపోవచ్చును. కొనువారు తెలియక జీవితకాలపు పొదుపును తుప్పులో పోయవచ్చును.

ఒక దృశ్యమును ఊహింతము. రావులపాలెమునకు దగ్గర పల్లెలో ఒక పెంకుటిల్లు. ప్రక్కన కొబ్బరాకుల పాక. లోపల 1972లో నమోదైన అంబాసిడర్ ఇటుకలమీద నిలిచియున్నది. యజమాని గతించి పండ్రెండేండ్లైనది. పదవీ విరమణ చేసిన ఒక గణితోపాధ్యాయుడు దానిని చూడవచ్చినాడు. ఇంటి ఇల్లాలు కుర్చీ వేయించినది.

“మా ఆయన దీన్ని కన్నబిడ్డలా చూసుకున్నారండి మాస్టారూ. తూకానికిస్తే ముప్పై మూడు వేలిస్తానని ఒకాయన వచ్చాడు. మా తోడికోడలి కొడుకేమో ఐదు లక్షలకి తక్కువైతే ఇవ్వొద్దు పిన్నీ అంటున్నాడు. ఎవరి మాట నమ్మమంటారు?”

“ఇద్దరి మాటా వద్దు పిన్నిగారూ. ఒక కాగితమూ పెన్సిలూ ఇప్పించండి. లెక్క వేసి చూద్దాం.”

మూడు ధరలు

పాత కారునకు ఒక ధర కాదు, మూడు ధరలుండును. మొదటిది తుక్కు ధర. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు. కిలో 30 రూపాయల చొప్పున తూచినచో 33,000 రూపాయలు. బండి ఎంత చెడినను దీనికి తక్కువ కాదు. రెండవది పూర్తిగా బాగుపడి, కాగితములన్నియు సరియై, రోడ్డుమీద నడచు బండి ధర. అది సంతలో అటువంటి బండ్లు నిజముగా ఎంతకు అమ్ముడుపోయినవో విచారించి తెలిసికొనవలెను. అమ్మువాడు కోరిన ధర వేరు, కొన్నవాడు చెల్లించిన ధర వేరు. మూడవది ఈ రెంటికి నడుమనున్నది: నేడు, ఈ పాకలో, ఈ స్థితిలో ఉన్న ఈ బండి ధర.

సామాన్యముగ జనులు రెండవ ధర విని మూడవదాని స్థానమున చెప్పుదురు. తోడికోడలి కుమారుని పొరపాటు అదియే. మూడవ ధర తెలియుటకు సూత్రమొక్కటే. బాగుపడిన బండి ధరనుండి బాగుచేయుటకగు వ్యయమును తీసివేయవలెను. తెలియని లోపములకై మరికొంత తీసివేయవలెను. మిగిలినదే వెల. సూత్రము సులువే. వ్యయమును ముందుగా కనిపెట్టుటయే కష్టము.

మొదట కాగితములు

కారును చూడవచ్చినవాడు మొదట బానెట్టు ఎత్తును. అది పొరపాటు. మొదట ఎత్తవలసినది కాగితముల పెట్టె మూత. నమోదు పుస్తకములోని చాసిస్ సంఖ్యయు, ఇంజను సంఖ్యయు బండిమీద చెక్కిన సంఖ్యలతో ఒక్క అక్షరము తేడా లేకుండ సరిపోవలెను. సరిపోనిచో ఆ బండి ఎంత సొగసైనదైనను విడువదగును. చట్టము దృష్టిలో అది కారు కాదు, ఇనుపముద్ద.

ఈ యింటి బండి నేటికిని గతించినవారి పేరనే యున్నది. కోనసీమలో పాకలలోనున్న పలు బండ్ల స్థితి యిదియే. యజమాని మరణించినప్పుడు వారసులు మూడు మాసములలోపల 31వ నమూనా పత్రముతో తమ పేరునకు మార్పు కోరవలెనని నియమము కలదు. ఆ మార్పు జరిగిన పిమ్మటనే, 29, 30 నమూనా పత్రములతో కొనువానికి అమ్మకము చెల్లును. వారసులు పలువురైనచో అందరి సమ్మతి కావలెను. దూరదేశమున ఉద్యోగము చేయు కుమారుడొకడు సంతకము చేయనిచో బేరమంతయు ఆగిపోవును. బయానా ఇచ్చుటకు ముందే ఈ విషయము అడుగవలెను.

నమోదు గడువు మరియొక చిక్కు. సొంత కారునకు మొదటి నమోదు పదునైదేండ్లు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి ఐదేండ్లకొకసారి పొడిగింపు పొందవలెను. గడువు దాటిన నెలలకు అదనపు రుసుము కలదు. పండ్రెండేండ్లు పాకలో నిద్రించిన బండికి ఈ రుసుములు ఎంతయగునో రవాణా కార్యాలయములో అడిగి లెక్కలో చేర్చవలెను.

ఏబది ఏండ్లు నిండిన బండ్లకు మాత్రము వేరొక దారి కలదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాతకాలపు వాహనములకు ప్రత్యేక నమోదును ఏర్పరచినది. క్రొత్తగ నమోదునకు 20,000 రూపాయలు, పునర్నమోదునకు 5,000 రూపాయలు రుసుము, సంఖ్యాఫలకమున ‘వి.ఎ.’ అను అక్షరములుండును. నమోదు పదేండ్లు చెల్లును. కాని షరతులు రెండు గమనింపదగినవి. చాసిస్, తొట్టి, ఇంజను మొదటి రూపము చెడక యుండవలెను. ప్రదర్శనలకు, పాత వాహనముల యాత్రలకు, అట్టి పనులకే తప్ప దినదినము తిరుగుటకును, బాడుగకును ఆ బండి పనికిరాదు. నిత్యము సంతకు పోదలచినవాడు సాధారణ నమోదునే పొడిగించుకొనవలెను.

ఏటిగట్టునకు ఏ వైపున?

కాగితముల తరువాత తొట్టి. అంబాసిడర్‌కు లారీకి వలె వేరు చాసిస్ చట్రము లేదు. నేల, ప్రక్కలు, పైకప్పు కలిసి ఒకే పెట్టెగా అతుకబడి, ఆ పెట్టెయే బరువంతయు మోయును. కనుక నేలరేకు తుప్పుపట్టుట అనగా ఇంటికి పైపూత రాలుట కాదు, పునాది కరగుట. మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు దీనికి భిన్నము. దానికి వేరు చట్రమున్నది. తొట్టి భాగములను మరలు విప్పి ఊడదీయవచ్చును. బొంబాయి కుర్లాలో పుట్టిన ఫియట్ 1100, అనగా తరువాత ప్రీమియర్ పద్మినియైన బండి, అంబాసిడర్ వలెనే చట్రము లేనిది.

తుప్పు ఏమియో విద్యార్థు లెరుగుదురు. ఇనుము, ఆక్సిజన్, నీరు మూడును కలిసినచో ఏర్పడు పదార్థమది. అది ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును. కనుకనే రంగు క్రింద తుప్పు పుట్టినప్పుడు రంగు పొక్కి బుడగలగును. ఉప్పు చేరినచో తుప్పు మరింత త్వరపడును. అందుచేత అంతర్వేది తీరమున ఉప్పుగాలిలో నిలిచిన బండికిని, రావులపాలెపు తోటలలో నిలిచిన బండికిని తేడా కలదు.

కోనసీమలో మరియొక ప్రశ్న తప్పక అడుగవలెను: ఈ బండి ఏటిగట్టునకు ఏ వైపున ఉండెను? గట్టు చాటున ఊరిలో నుండెనా, గోదావరి పాయల నడుమ లంకలో నుండెనా? 1986 ఆగస్టు వరదయు, 2022 జూలై వరదయు లంకలను ముంచినవి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమను అతలాకుతలము చేసినది. వరదనీట మునిగిన కారును కడిగి, తుడిచి, రంగు వేయవచ్చును. కాని నీరు పోయినను ఒండ్రు పోదు. తలుపుల అడుగుభాగమునను, ముందుదీపముల వెనుకను, మీటర్ల పలక క్రిందను, సీట్ల స్ప్రింగుల నడుమను అది పొడిపొడిగా మిగిలియుండును. అది కనబడినచో వైరింగు, బ్రేకులు, బేరింగులు అన్నియు మార్చవలసినవేయని భావింపవలెను.

తొట్టిని పరీక్షించుటకు ఖరీదైన యంత్రములక్కరలేదు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతము చాలును. అసలు రేకునకు అది గట్టిగ అంటుకొనును. లప్పము దట్టించి రంగు వేసిన చోట జారిపోవును. తివాచీ ఎత్తి నేలను చూడవలెను. డిక్కీలో స్టెప్నీ చక్రముండు గుంటను తడుమవలెను. తలుపుల క్రింద గడపవలె సాగు ఇనుపపెట్టెను స్క్రూడ్రైవరు పిడితో తట్టి వినవలెను. గట్టిరేకు గణగణలాడును, తుప్పురేకు మొద్దుగా పలుకును. కడపట జాకీతో ఒక ప్రక్క మెల్లగ ఎత్తించి తలుపు తీసి వేయవలెను. అంతకుముందు చక్కగ పడిన తలుపు ఇప్పుడు ఒరయుచున్నచో పెట్టె బలము సన్నగిల్లినదని అర్థము.

ఇంజను చెప్పు మాట

క్రొత్తవారు ఇంజనునకు భయపడి తొట్టిని ఉపేక్షింతురు. అనుభవజ్ఞులు తొట్టికి భయపడి ఇంజనును తేలికగ చూతురు. కారణము విచిత్రము కాదు. అంబాసిడర్‌లో పెక్కేండ్లు వాడిన 1,489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను సరళమైనది. దేశమంతట లక్షలాది బండ్లలో తిరిగినది. దానిని విప్పి బిగింపగల మేస్త్రీలు నేటికిని ఉన్నారు. విజయవాడ జవహర్ ఆటోనగరు వంటి చోట్ల వెదకినచో పిస్టన్లు, వాల్వులు దొరకును. ఇంజను రోగము మందు తెలిసిన రోగము. తొట్టి రోగము విప్పినకొలది పెరుగును, అంగుళమనుకొన్నది అడుగగును.

చిరకాలము నిలిచిన ఇంజనును చూచిన వెంటనే బ్యాటరీ తగిలించి తిప్పబోవుట అవివేకము. మొదట ఆయిలు కడ్డీ తీసి చూడవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో లోపల నీరు చేరినది. తరువాత స్పార్కు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొంచెము నూనె పోసి, నానిన పిమ్మట చేతితో మెల్లగ తిప్పవలెను. తిరిగినచో సగము గండము గడచినట్లే. ఆపై నాలుగు సిలిండర్లలో ఒత్తిడి కొలవవలెను. అంకె పెద్దదా చిన్నదా అనుటకన్న నాలుగును దగ్గరదగ్గరగ ఉన్నవా అనునది ముఖ్యము. పెట్రోలు ట్యాంకు, బ్రేకు సిలిండర్లు, రబ్బరు గొట్టములు, టైర్లు—వీనిని చెడినవిగనే లెక్కించుట క్షేమము.

లేని భాగములు, మారిన భాగములు

పిస్టన్ కొనవచ్చును, చిహ్నము కొనలేము. ముందుజాలి, దీపముల చుట్టు పట్టీలు, మీటర్ల పలక, తలుపు పిడులు—చూచుటకు చిన్నవే. పోయినచో వెదకుటకు ఏండ్లు పట్టును. అంబాసిడర్ పైరూపము మొత్తము మీద మారనట్లే కనబడినను వివరములు కాలానుసారము మారినవి. 1975లో మూడవ నమూనా, 1979లో నాలుగవ నమూనా వచ్చినవి. 1972 నాటి బండికి 1980ల నాటి ముందుజాలి బిగించినచో తాతగారి పటమునకు మనుమని ముఖము అతికించినట్లగును.

అంతకన్న పెద్ద మార్పు ఇంజను మార్పు. పెట్రోలు ధర భరింపలేక డీజిలు ఇంజను పెట్టించుకొన్న బాడుగ బండ్లెన్నియో కలవు. అది ఆనాటి జీవనావసరము, తప్పుపట్టరాదు. కాని ఆ మార్పు నమోదు పుస్తకమున చేరకున్నచో చిక్కు. చేరియున్నను అసలు రూపము పోయినదే. ప్రత్యేక నమోదునకు అది అడ్డము.

అసలు రూపమునకింత విలువ యేల యని విద్యార్థులడుగవచ్చును. హైదరాబాదు విహారయాత్రలో చౌమహల్లా ప్రాసాదమునకు పోయినవారు నిజాముల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూచియుందురు. 1912 నాటి ఆ బండి ఉత్సవములకు తప్ప బయలుదేరినది తక్కువ. అది నేడు చూడదగినదైనది ఒక కాలపు పనితనము చెదరక దానిలో నిలిచియుండుటచేతనే. పల్లెలోని అంబాసిడర్ రాజవాహనము కాదు. కాని దాని అరిగిన పెడలు, వెలిసిన సీటు, చేతితో వ్రాసిన సర్వీసు పుస్తకము సైతము ఒక కాలపు సాక్ష్యములే. కనుక బాగుచేయుట అనగా అన్నియు పెరికి క్రొత్తవి పెట్టుట కాదు. ఉంచదగినది ఉంచి, ఉంచరానిది మాత్రమే మార్చుట.

ఒక లెక్క

ఇప్పుడు మాస్టారి కాగితమును చూతము. బాగుపడిన అట్టి బండి 5,00,000 రూపాయలు పలుకుననుకొందము. ఇది లెక్కకై తీసికొన్న అంకె మాత్రమే. ఊరినిబట్టి, ఏటినిబట్టి మారును. ఈ బండి గట్టు చాటున ఇటుకలమీద నిలిచినది, తొట్టి గట్టిది, ఇంజను బిగిసినది. రేకుపని 40,000. రంగు 90,000. ఇంజను, గేరుపెట్టె 60,000. బ్రేకులు, టైర్లు, స్ప్రింగులు 50,000. వైరింగు, అద్దముల రబ్బర్లు 25,000. సీట్లు, మెరుగుపూత 35,000. కాగితములు, రవాణా 20,000. మొత్తము 3,20,000. తెలియని లోపములకై నాలుగవ వంతు, 80,000. అంతయు కలిపి 4,00,000. ఐదు లక్షలనుండి తీసివేయగా మిగిలినది 1,00,000 రూపాయలు.

తూకమువాని మాటకు మూడురెట్లు. తోడికోడలి కుమారుని మాటలో ఐదవ వంతు.

ఇట్టిదే మరియొక అంబాసిడర్ రహదారి ప్రక్క షెడ్డులో తళతళలాడుచు 2,50,000 రూపాయలకు అమ్మకమునకు ఉన్నదనుకొందము. అయస్కాంతము సగము చోట్ల జారినది. లోపల డీజిలు ఇంజను. దానిని నిజముగ అసలు రూపమునకు తేవలెనన్నచో రేకుపని 1,50,000, రంగు 90,000, అసలు ఇంజను వెదకి బిగించుటకు 1,10,000, తక్కినవి 70,000, మొత్తము 4,20,000. నాలుగవ వంతు 1,05,000 చేర్చగా 5,25,000. ఐదు లక్షలకు పైన 25,000 లోటు! అనగా ఆ తళతళలాడు బండిని ఊరక ఇచ్చినను బాగుచేయదలచినవానికి నష్టమే. దుమ్ము పట్టిన బండి వెల లక్ష. మెరయుచున్న బండి వెల సున్నకు తక్కువ. రంగు చూచి వెల కట్టరాదని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు. పాఠశాలలలో లాభనష్టముల లెక్కలు చెప్పునప్పుడు ఈ ఉదాహరణమును ఈయవచ్చును.

వేరు గడి

అయినను, లెక్కకు అందనిదొకటి మిగిలియున్నది. అది మమకారము. తండ్రి నడపిన బండిని కుమారుడు నష్టమునకైనను బాగుచేయించుకొనును, దానిని తప్పనరాదు. పొలము అమ్మినవాడు సైతము ముంగిటి మామిడిచెట్టును నరకక యుంచుకొనును గదా! కాని ఆ మమకారమును వెలలో కలుపరాదు. వేరు గడిలో వ్రాసికొనవలెను. ఎంతవరకు భరింపగలమో ముందే తేల్చుకొనవలెను. అట్లు చేయనివాడు సగము పనిలో డబ్బు చాలక బండిని విడదీసిన ముక్కలుగ వదలివేయును. పూర్తిగ నున్న పాత కారునకు కొనువాడు దొరకును. ముక్కలైన కారునకు తూకమువాడే దిక్కు.

మాస్టారు కాగితము మీద లక్ష అని వ్రాసి, ప్రక్కన గీత గీసి, దాని అవతల పదివేలని వ్రాసినాడు.

“ఈ పదివేలూ ఏమిటండీ?” అని యామె అడిగినది.

“అది బండి వెల కాదు పిన్నిగారూ, నా ముచ్చట వెల. మా నాన్నగారు పోయేముందు ఆసుపత్రికి ఇలాంటి బండిలోనే వెళ్లారు. లెక్కలో అది కలపకూడదు. అందుకే వేరుగా రాశాను. మీ పిల్లలకీ ఈ కాగితం చూపించండి. ఇంకొకరు ఎక్కువిస్తే వాళ్లకే ఇవ్వండి. తూకానికి మాత్రం ఇవ్వకండి.”

ఆమె ఆ కాగితమును మడచి, భర్త సంతకమున్న నమోదు పుస్తకము నడుమ పెట్టి, రేకు పెట్టె మూత వేసినది. “పెద్దబ్బాయి సంక్రాంతికి వస్తాడండి. ముందు ఆ పేరు మార్పు సంగతి చూడమంటాను” అన్నది.